కత్తిరించే ముందు కాగితం తిప్పి చూడాలి

పాశమైలారంలో ఒక మందుల ముడిసరుకు కంపెనీ ఆఫీసులో నేను ఇరవై ఎనిమిదేళ్ళు అటెండర్‌గా పనిచేశాను. ఊడ్చాను, టీలు అందించాను, ఫైళ్ళు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి మోశాను. ఆ పనుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొత్తగా చేరిన వాళ్ళకు వారం రోజుల్లో అవే వస్తాయి. నేను రాయాలనుకున్నది నా చేతిలో కత్తెర పెట్టి చేయించిన పని గురించి. ఇప్పుడు ఆఫీసుల్లో ఆడపిల్లలు అదే పనిని ఫోన్‌లో చేస్తున్నారు. వార్తను ఒక ముక్క చేసి గ్రూపులో పెడుతున్నారు. వాళ్ళ కోసమే ఇది.

నాకు అక్షరాలు వచ్చేటప్పటికి నలభై దాటింది. ఇది నా చేతిరాతే. తప్పులు సుజాత మేడం దిద్దారు. ఆమె మా ఆఫీసులో టైపిస్టు, నాకు చదువు చెప్పింది కూడా ఆమే.

పేపర్ ఫైలు

రోజూ పొద్దున ఆఫీసుకు నాలుగు పేపర్లు వచ్చేవి. వాటిలో మా కంపెనీ గురించి, పక్క కంపెనీల గురించి, చెరువుల గురించి, లీడర్ల గురించి ఏది వచ్చినా కత్తిరించి, తెల్ల కాగితం మీద అతికించి, పక్కన పేపర్ పేరూ తేదీ రాసి ఫైలులో పెట్టాలి. శనివారం ఆ ఫైలు సిటీలో ఉన్న పెద్ద ఆఫీసుకు పోయి, వాళ్ళు చూశాక తిరిగి మా దగ్గరికే వచ్చేది. అక్కడి పెద్ద సార్లకు ఈ ప్రాంతమంతా ఆ ఫైలులోనే కనిపించేది.

చదువు రాని మొదటి ఏళ్ళలో మేనేజర్ సారు ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చేవాడు. గీత వెంట కత్తెర నడిపించడమే నా పని. తేదీలు సుజాత మేడం వేసేది. ఒకసారి గీత సరిగ్గా కనపడక తలనూనె ప్రకటన కత్తిరించి అతికించాను. అది సిటీ దాకా పోయింది. "మీ కంపెనీలో అందరికీ జుట్టు ఊడుతోందా?" అని ఫోన్ చేశారట. సారు నవ్వాడు గానీ సుజాత మేడం నవ్వలేదు. ఆ రోజు నుంచే భోజనం టైములో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని హెడ్డింగులు చదివించడం మొదలుపెట్టింది. నేను గుర్తుపట్టి చదివిన మొదటి మాట మా కంపెనీ పేరు. రెండోది 'కాలుష్యం'. ఆ రెండూ పేజీలో ఒక్కచోటే దొరికేవి.

రెండేళ్ళకు పెద్ద అక్షరాలన్నీ చదవగలిగాను. చిన్న అక్షరాలకు చాలాసేపు పట్టేది. అయినా సారు ఎర్ర పెన్సిల్ పక్కన పెట్టేశాడు. "ఇగ నువ్వే సూసుకో నర్సమ్మా" అన్నాడు. అంత గౌరవం నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. ఆ గౌరవమే నన్ను చెడగొట్టిందని తర్వాత తెలిసింది.

మేనేజర్ సారు గురించి ఒక మాట. చెడ్డవాడని చెప్పను. నా పెద్దబిడ్డకు టైఫాయిడ్ వస్తే కంపెనీ జీపులో పటాన్‌చెరు దవాఖానకు పంపించాడు. కానీ బీరువాలో రెండు ఫైళ్ళు పెట్టించాడు. కంపెనీని మెచ్చుకున్న వార్తలు ఒకదాంట్లో, వాసన గురించి, చచ్చిన చేపల గురించి రాసినవి ఇంకోదాంట్లో. సిటీకి మొదటిది పోయేది. రెండోది తాళంలో ఉండేది. నేను అడిగితే, "అందరికీ అన్నీ చెప్పొద్దు" అన్నాడు. మంచి మనిషి కింద పనిచేసేటప్పుడే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. చెడ్డవాడు చెప్పింది ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం. మంచివాడు చెప్పింది చేసేస్తాం.

లావక్షరాలు, వాలక్షరాలు

చదువు రానప్పుడు పేపర్లను వాటి పేరు రాసిన తీరును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకదాని పేరు లావు అక్షరాల్లో, ఇంకోదాని పేరు పక్కకు వాలినట్టు ఉండేది. చదువు వచ్చాక కూడా నాకు అవి లావక్షరాల పేపర్, వాలక్షరాల పేపర్. లావక్షరాలది అప్పుడు గద్దె మీదున్న పార్టీ వైపు, వాలక్షరాలది ఎదుటి పార్టీ వైపు. ఈ సంగతి చదువు రాని వాళ్ళకు కూడా తెలుసు.

మా గల్లీలో నాకు దగ్గరి స్నేహితురాలు యాదమ్మ. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. ఆమె భర్త కిష్టయ్య మా కంపెనీలోనే కాంట్రాక్టు లేబర్. యాదమ్మకు అక్షరం ముక్క రాదు. చాయ్ హోటల్ దగ్గర ఎవరైనా గట్టిగా చదివితే నిలబడి విని, విన్నది మర్చిపోకుండా ఇంటికి తెచ్చుకునేది. ఆమెది వాలక్షరాల పేపర్. మా ఊరి బోరు నీళ్ళు పచ్చగా వస్తున్నాయని మొదట రాసింది ఆ పేపరే. నాది లావక్షరాలది. హెడ్డింగులు పెద్దగా ఉండి నేను చదవగలిగేదాన్ని. అంతకన్నా గొప్ప కారణం లేదు. కానీ యాదమ్మతో కొట్లాడేటప్పుడు ఎన్నో కారణాలు చెప్పేదాన్ని.

ఒకసారి ఎన్నికల మీటింగ్ ఒకటి జరిగింది. మర్నాడు లావక్షరాల పేపర్లో కిక్కిరిసిన జనం ఫోటో, వాలక్షరాల పేపర్లో ఖాళీ కుర్చీల ఫోటో. నేను రెండూ కత్తిరించి సాయంత్రం ఆమెతో చెప్పాను.

"మీ పేపరోడు ఖాళీ కుర్చీలు యాడికెళ్ళి తెచ్చిండే? మీటింగ్ కాకముందే పోయి తీసిండా?"

"నేను పోయిన గదక్కా మీటింగ్‌కు. లారీల తోలుకపోయిండ్రు. ముంగట జనం, ఎనక కుర్చీలు ఖాళీ. రెండూ ఉన్నయ్. మీవోడు ముంగట నిలబడి ఫోటో తీసిండు, మావోడు ఎనక నిలబడి తీసిండు."

"మావోడు మీవోడు ఏంది? సదువు రాకపోతే గిట్లనే ఉంటది. నేను నాలుగు పేపర్లు సూస్తా రోజు."

"సూస్తవు. కోస్తవు. సదువుతవా?"

కిష్టయ్య అరుగు మీద కూర్చుని బీడీ తాగుతూ నవ్వేవాడు. "మీ ఇద్దరిని ఎన్నికల్ల నిలబెట్టాలె" అనేవాడు. పండుగకూ పెళ్ళికీ ఒక సీసా కల్లు తాగేవాడు. అంతకు మించి అతను తాగగా నేను చూడలేదు. ఈ మాట గుర్తుంచుకోండి. నేనే గుర్తుంచుకోలేదు.

రాలే సార్

ఒక మంగళవారం మధ్యాహ్నం కిష్టయ్య కంపెనీలో ట్యాంకు కడగడానికి దిగి చనిపోయాడు. ఊపిరాడక చనిపోయాడని దవాఖాన కాగితంలో రాశారు. ఎందుకు ఊపిరాడలేదో రాయలేదు. అతనితో పాటు ఒడిశా నుంచి వచ్చిన ఇద్దరు పనిచేస్తున్నారు. లోపల గ్యాసు ఉందని, ముసుగు ఇవ్వకుండానే దింపారని వాళ్ళు ఒక విలేకరితో చెప్పారట. రెండు రోజుల్లో వాళ్ళిద్దరినీ రైలెక్కించి పంపేశారు. తర్వాత కంపెనీలో వేరే మాట పుట్టింది. కిష్టయ్యకు ఆ రోజు డ్యూటీ లేదు, తాగి వచ్చి తనంతట తానే ట్యాంకులో పడ్డాడు అని.

గురువారం చాయ్ హోటల్ దగ్గర ఎవరో పేపర్లో నుంచి కిష్టయ్య సంగతి గట్టిగా చదివారు. యాదమ్మ మరిది విని ఇంటికి వచ్చి చెప్పాడు. ట్యాంకు కడుగుతూ చనిపోయాడని, ముసుగు ఇవ్వలేదని పేపర్లో వచ్చిందని. ఏ పేపర్ అని ఎవరూ అడగలేదు. అలా రాసేది వాలక్షరాల పేపరే అని ఇంట్లో అందరూ అనుకున్నారు.

పదకొండో రోజు అయ్యాక కంపెనీలో నష్టపరిహారం గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. మేనేజర్ సారు, లేబర్ కాంట్రాక్టరు, కాంట్రాక్టరు బావ అయిన అధికార పార్టీ లీడరు ఒకవైపు. యాదమ్మ, ఆమె మరిది ఇంకోవైపు. నేను టీలు పట్టుకుని పోయాను.

"మావోడు తాగి సచ్చిండంటే ఒప్పుకోం సార్" అంటున్నాడు మరిది. "ఒడిశావోళ్ళు ఉన్నది ఉన్నట్టు చెప్పిండ్రు. పేపర్ల గూడ వచ్చింది."

"ఏ పేపర్ల? తే, సూపియ్" అన్నాడు కాంట్రాక్టరు.

పేపర్ వాళ్ళ దగ్గర లేదు. హోటల్ పేపర్ మిర్చి బజ్జీలకు పోయింది. మరిది సంగారెడ్డి లైబ్రరీకి పోయి వాలక్షరాల పేపర్ ఆ వారమంతా తిప్పించాడు. అందులో లేదు. లావక్షరాల పేపర్ అడగాలని అతనికి తోచలేదు. అందులో రాస్తారని మా ఊళ్ళో ఎవరికైనా ఎందుకు తోస్తుంది?

అప్పుడు సారు నా వైపు తిరిగాడు. "మన నర్సమ్మ రోజు అన్ని పేపర్లు సూస్తది. వాళ్ళ గల్లీ మనిషే. ఆమెనే అడుగుండ్రి."

ట్రే ఇంకా నా చేతిలోనే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. అబద్ధం చెప్పాలని నాకు లేదు. ఇలా కూర్చుంటారని తెలిసి ముందురోజే నేను వాలక్షరాల పేపర్ పాత కాపీలు తీసి, వేలు పెట్టి, చిన్న అక్షరాలు కూడా కూడబలుక్కుని చూశాను. లేదు. లావక్షరాల పేపర్ తిప్పలేదు. నా చేతుల మీదుగా పోయిన పేపర్, నేను రోజూ చదివే పేపర్, ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

"రాలే సార్" అన్నాను. "నేను సూసిన. ఏ పేపర్ల రాలే."

యాదమ్మ నా వైపు చూసి తల దించుకుంది. కాగితం రాశారు. డ్యూటీ లేని రోజున మద్యం మత్తులో అని రాశారు. యాదమ్మ వేలిముద్ర వేసింది. సాక్షుల చోట సంతకం పెట్టమని సారు నాకు పెన్ను ఇచ్చాడు. నా పేరు నేను రాసుకోవడం వచ్చాక పెద్ద కాగితం మీద పెట్టిన మొదటి సంతకం అది. వంకర పోకుండా పెట్టాను. బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. అదీ రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నెల తిరిగాక యాదమ్మను కంపెనీ క్యాంటీన్‌లో పెట్టుకున్నారు. తర్వాత పదకొండేళ్ళు మేమిద్దరం ఒకే గేటు గుండా పోయి వచ్చాం. ఒక్కచోటే అన్నం తిన్నాం. కొట్లాట ఆగలేదు. మధ్యలో సర్కారు మారింది. లావక్షరాల పేపర్ తిట్టడం మొదలుపెట్టింది, వాలక్షరాల పేపర్ పొగడడం మొదలుపెట్టింది. పేపర్లు మారాయి గానీ మేము మారలేదు.

"ఇప్పుడు మీ పేపర్ గూడ గద్దె మీదోళ్ళదే అయిందిగదే" అని నేను ఎత్తిపొడిచేదాన్ని.

"అయితది. అన్నం పెట్టెటోని పాట పాడుతది. గానీ ఆ రోజు రాసింది గదక్కా."

"రాయలే. నేను సదివిన."

"నేను ఇన్న."

"ఇన్నది వేరు, సదివింది వేరు. నిజమైతే మా పేపర్ల గూడ వస్తుండె."

ఏ ఎన్నిక గురించి మొదలుపెట్టినా, ఏ టీవీ గురించి మొదలుపెట్టినా చివరికి అక్కడే ఆగేది. ఆరేడేళ్ళు పోయాక ఆమె "నేను ఇన్న" అనడం మానేసింది. ఒకరోజు చేతులు కడుక్కుంటూ, "ఏమో అక్కా, తాగిండేమో. నాకేం తెలుసు, నేను సూస్తినా" అంది. నేను గెలిచాననుకున్నాను. ఆ రోజు కూర ఎక్కువ వేసుకుని తిన్నాను.

బంక ఎండిన కాగితం

రిటైరయ్యే ఏడాది ముందు పాత ఫైళ్ళన్నీ తీసేయమన్నారు. ఇక అంతా కంప్యూటర్‌లోనే అన్నారు. అప్పటికి పాత సారు వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. పాత పేపర్ల బండివాడు కింద నిలబడి ఉన్నాడు. నేను స్టోర్ రూమ్‌లో కూర్చుని ఫైళ్ళకున్న ఇనుప క్లిప్పులు ఊడదీసి, కాగితాలు కట్టలు కడుతున్నాను.

ఒక ఫైలులో నుంచి పెద్ద ఫోటో ఒకటి ఊడి ఒడిలో పడింది. మా ఊళ్ళో కంపెనీ కట్టించిన తాగునీటి ప్లాంటుకు లీడర్ రిబ్బన్ కత్తిరిస్తున్న ఫోటో. నాలుగు కాలమ్‌ల వెడల్పు. మా బోర్లలో తాగే నీళ్ళు లేకుండా పోయింది ఎందుకో అందరికీ తెలుసు, అయినా ఆ రోజు లడ్డూలు పంచారు. బంక ఎండిపోయి ఊడింది. నేను నాలుగు అంచులకే బంక రాసేదాన్ని. మధ్యలో రాస్తే కాగితం ముడతలు పడుతుంది.

ఎత్తి పక్కన పెట్టబోతే వెనకవైపు అక్షరాలు కనిపించాయి. 'ట్యాంకు శుభ్రం చేస్తూ కార్మికుడి మృతి' అని చిన్న హెడ్డింగ్. కంపెనీ పేరు లేదు, 'ఓ పరిశ్రమలో' అని ఉంది. అందుకే నా కంట పడలేదు. నేను వెతికేది కంపెనీ పేరు కోసం. కిష్టయ్య పేరు ఉంది. విషవాయువు ఉందని తెలిసినా ముసుగు ఇవ్వకుండా దించారని తోటి కార్మికులు చెప్పినట్టు ఉంది. అంచుల్లో కొన్ని అక్షరాలు బంకకు పోయాయి. మధ్యలో ఉన్నదంతా ఉంది.

ఫైలు కాగితం మీద నా చేతిరాతతోనే తేదీ ఉంది, గురువారం. పేపర్ పేరు ఉంది, లావక్షరాల పేపర్. నా పేపర్.

ఆ గురువారం నేను ఫోటో చుట్టూ కత్తెర నడిపిస్తున్నప్పుడు వెనక కిష్టయ్యను కత్తిరిస్తున్నాను. అతికించి పైన అరచేత్తో అదిమాను. ఫోటో కింద ఒక్క అక్షరం కూడా తెగలేదని సారు మెచ్చుకున్నాడు. సారుకు వెనక ఏముందో తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను. నాకే తెలియనప్పుడు ఆయనను ఏమనాలి?

బండివాడు కింద నుంచి పిలుస్తున్నాడు. ఆ ముక్క ఒక్కటే మడిచి రవికెలో పెట్టుకున్నాను. ఫైలు కాగితం కట్టలో పోయింది. అది కూడా తెచ్చుకోవాల్సింది. నా బుర్ర అప్పుడు అంతవరకు పోలేదు.

వెంటనే యాదమ్మకు చెప్పానని రాస్తే బాగుండేది. చెప్పలేదు. రిటైరయ్యాను, ఇంకో ఏడాదిన్నర గడిచింది, చెప్పలేదు. ఆమె క్యాంటీన్ పని మానేసి కిష్టారెడ్డిపేటలో కొడుకు దగ్గరికి పోయింది. కొడుకు అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల దగ్గర కారు నడుపుతాడు, మందు ముట్టడు. ఒకసారి పెళ్ళిలో ఎవరో గ్లాసు ఇవ్వబోతే పక్కవాడు, "ఆనికియ్యకు, ఆళ్ళ నాయన లెక్క యాడనో పడతడు" అన్నాడట. ఆ సంగతి యాదమ్మే ఫోన్‌లో నాకు చెప్పింది. నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు విన్నాక ఇంట్లో ఉండలేకపోయాను.

పెత్రమాస

నేను పోయిన రోజు పెత్రమాస. చనిపోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య. ఎవరికి ఏది ఇష్టమో అది వండి ఆకులో పెడతారు. తాగేవాళ్ళకు కల్లు కూడా పెడతారు. కిష్టయ్య ఫోటో ముందు ఆకు ఉంది. అన్నం, కూర, గారెలు, బీడీ కట్ట. కల్లు లేదు.

"పెట్టవా?" అని అడిగాను.

"దాంతోనే సచ్చిండని పెడ్తలేనక్కా. పెట్టుడు బంద్ జేసి ఆరేండ్లాయె. బతికున్నప్పుడు జెర తాగిండు, ఇప్పుడు గూడ తాగనీయాల్నా?"

కాగితం తీసి ఆమె చేతిలో పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను, ఏదీ తగ్గించలేదు. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఫోటో వైపు లీడరును గుర్తుపట్టింది. రెండో వైపు వేలు పెట్టి, "ఇదేనా ఆయన పేరు?" అని అడిగింది. నేను వేలు సరైన చోటికి జరిపాను.

"మా పేపర్ గాదా ఇది?"

"కాదు. మాది."

"పేపర్ పేరేది దీని మీద?"

"లేదు. వేరే కాగితం మీద రాసిన. అది పోయింది."

అప్పుడే లోపల కుక్కర్ కూత పెడితే ఆమె పోయి స్టవ్ ఆపి వచ్చింది.

"అంటే ఇప్పుడు గూడ నువ్వు సదివి చెప్తె నేను నమ్మాలె" అంది. "ఆ రోజు గూడ నువ్వు చెప్తెనే అందరు నమ్మిన్రు. నేను గూడ నమ్మిన, అక్కా. మొదట్ల నమ్మలే. తర్వాత నమ్మిన."

ఆమె కొడుకును పిలిచి, "చౌరస్తల కల్లు దొరుకుతదేమో సూడు, ఒక సీస తే" అంది. వాడు తల్లి ముఖం చూసి చెప్పులేసుకుని పోయాడు. సీసా వచ్చాక ఆకు పక్కన తనే పెట్టింది. పక్కకు జరిగి నన్ను ఫోటో ముందు కూర్చోమంది.

"సదువు. ఆయనకు ఇనపడేటట్టు సదువు."

చదివాను. బంకకు పోయిన అక్షరాల దగ్గర ఆగి, పోయాయని చెప్పి, ముందుకు పోయాను. నా సొంత మాట ఒక్కటి కూడా కలపలేదు. అయిపోయాక లేవబోయాను.

"ఎనకది గూడ సదువు" అంది యాదమ్మ. "ఆయన గా ఫోటో ఎనకనే ఉండె గదా గిన్నేండ్లు. ఎవని ఎనకనో తెల్వనీ."

తాగునీటి ప్లాంటును ప్రారంభిస్తున్న నాయకుడు, పక్కన కంపెనీ ప్రతినిధులు, గ్రామస్తులు. అది కూడా ఆకు ముందు కూర్చుని చదివాను.

ఆ ముక్క ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. ఫ్రేము కట్టించుకోమన్నాను. ఫ్రేములో పెడితే ఒక వైపు అట్టకు పోతుందని వద్దంది. నేను అప్పుడప్పుడు కిష్టారెడ్డిపేట పోతాను. టీవీలో వార్తలు నడుస్తుంటాయి, ఏ ఛానల్ ఎవరిదో ఇద్దరికీ తెలుసు. కొట్లాట పెట్టుకుందామని నేనే ఏదో ఒకటి అంటాను.

"నువ్వు సదువుకున్నదానివి, నీకే తెలుస్తది" అంటుంది యాదమ్మ, టీవీ వైపే చూస్తూ.